గుత్తి దారిలో ఇరువురు యోధులు



గుత్తినుండి పత్తికొండకు పోవు త్రోవలో, మన అనంతపురము జిల్లా ఎల్ల దాటిన పిమ్మట, ఎఱ్ఱగుడి యను గ్రామము కలదు. అచటి గుట్టబండలపై అశోకచక్రవర్తి శాసనములు బ్రాహ్మీలిపిలో చెక్కబడియున్నవి. వానిలో పదుమూడవది, జయించినవాడు తన జయమునుగూర్చి తానే దుఃఖించి వ్రాయించినది. యుద్ధవృత్తిలో నున్నవారి పశ్చాత్తాపమును, దాని ఫలమును గూర్చి నేడు కొంచెము మనవి చేసెదను.

పట్టాభిషేకమైన ఎనిమిదవ యేట, క్రీస్తుపూర్వము 261 ప్రాంతమున, అశోకుడు కళింగమును జయించెను. 1,50,000 మంది చెరగొనిపోబడిరి. 1,00,000 మంది హతులైరి. అంతకు పెక్కుమడుగులు ఇతరులు మరణించిరి. ఈ లెక్కలు చెక్కించినవాడు జేతయే. యుద్ధమున దెబ్బ తినని గృహస్థులు సైతము బంధుమిత్రుల నాశముచే కుందుదురని అతడు ఒప్పుకొనెను. తన పుత్రపౌత్రులు క్రొత్త విజయములు కోరరాదనెను. అయినను అదే శాసనమున అడవిజాతులకు తన బలమును గుర్తు చేసి హెచ్చరించెను. చెరపట్టినవారిని విడిచితినన్న మాట అందు లేదు. కళింగదేశపు ధౌళి, జౌగడ శిలలపై ఈ పదుమూడవ శాసనమే లేదు.

రెండువేల యేండ్ల పిమ్మట ఇదే సీమకు మఱియొక యోధుడు వచ్చెను. థామస్ మన్రో 1780లో కంపెనీ సైన్యమున కేడెట్టుగా మదరాసున దిగి, హైదరాలీతోడను టిప్పూతోడను జరిగిన యుద్ధములలో పాల్గొనెను. 1800లో దత్తమండలములకు ప్రధాన కలెక్టరై, పాలెగాండ్ర నణచి, భూములు కొలిపించి శిస్తు కట్టెను. ఆ శిస్తు రైతునకు మోయరానిదని గ్రహించి, నూటికి 25 వంతున తగ్గింపవలెనని 1807లో వ్రాసెను. ప్రభుత్వము వినలేదు. గ్రామములు గుత్తకీయబడెను, రైతులు చితికిరి. 1820లో తానే మదరాసు గవర్నరైన పిమ్మట ఆ తగ్గింపు అమలయ్యెను. 1827 జూలై 6వ తేదీన, వీడ్కోలు పర్యటనలో, పత్తికొండయొద్ద కలరాచే మరణించెను. గుత్తిలో పూడ్చిరి. అప్పటికి అశోకుని మాటలు ఆ ప్రాంతముననే యున్నవి, కాని చదువగలవాడు లేడు. ప్రిన్సెప్పు బ్రాహ్మీలిపిని చదివినది 1837లో.

నేను ముప్పదియేండ్లు బడిలో కళింగయుద్ధమును అంకెలుగా చెప్పితిని. ఒక్కొక్క అంకె ఒక్కొక్క యిల్లని చెప్పనైతిని. అది నా పశ్చాత్తాపము. కరవుకు తాళలేక పటాలములో చేరి, పింఛనుపై తిరిగివచ్చిన నా శిష్యుడొకడు ఒకనాడు నాతో ఎఱ్ఱగుడికి వచ్చెను. శాసనార్థము విని చాలసేపు మాటాడలేదు.

"అయ్యవారూ, మా ఊరి పిల్లవాని నొకని నేనే చెప్పి పటాలములో చేర్పించినాను. వాడు తిరిగి రాలేదు. ఇన్నేండ్లుగా వాని తల్లి గడప తొక్కలేకపోయినాను" అనెను.

నాకు వెంటనే మాట తోచలేదు. తుదకు, "రాజు మాట ఇంత దూరము వచ్చినది. నీ మాట ఆ యింటిదాక పోకూడదా, నాయనా?" అంటిని.

మఱునాడే వెళ్లెను. ఆమె నిందించెనట, ఏడ్చెనట, పిమ్మట మజ్జిగ యిచ్చెనట. ఇప్పుడు ప్రతియేట తొలకరికి ఆమె చేను అతడే దున్నించుచున్నాడు.

అశోకుని దుఃఖవచనము కళింగపు శిలల కెక్కలేదు. మన్రో కోరిన తగ్గింపు రైతును చేరుటకు పదుమూడేండ్లు పట్టెను. పశ్చాత్తాపము హాని పొందినవారి గడపకు చేరినప్పుడే దానికి ఫలమని నా శిష్యుడు నాకు నేర్పెను. గుత్తివైపు పోవువారు ఒకమారు ఆ శిలలను దర్శించి రండు.