ఒక ఆంప్లిఫైయరు పునర్జన్మ

పుదుచ్చేరి పట్టణంలోని సారం ప్రాంతంలో మా పూర్వ సహోద్యోగి ఒకరు నివసిస్తున్నారు. స్వస్థలం యానాం. మన సంస్థ ఎలక్ట్రికల్ విభాగంలో ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేశారు. 2024 నవంబరు 30వ తేదీ రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపాన తీరం దాటినప్పుడు వారి ముందుగదిలోకి జానెడు లోతు నీరు ప్రవేశించింది. స్పీకరు పెట్టెను మంచం మీదికి ఎక్కించారు గాని, దానికి తోడైన గిటారు ఆంప్లిఫైయరు నేలమీదనే ఉండిపోయింది. అది వారి మనుమనిది. పెళ్ళి కచేరీలలో గిటారు వాయించి కళాశాల ఫీజు తానే కట్టుకుంటున్న ఆ అబ్బాయికి అది విలాస వస్తువు కాదు.

బాగుచేసేవారికి చూపించగా, లోపలి సర్క్యూట్ బోర్డు పాడైపోయిందనీ, అటువంటిది మళ్ళీ దొరకదనీ, కొత్త ఆంప్లిఫైయరు కొనుక్కోవడమే మేలనీ చెప్పారట. వేసవిలో మేము వారింటికి వెళ్ళినప్పుడు ఆ పెట్టె విప్పి మా ముందు ఉంచారు. "ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ మెగ్గరు పెట్టి చూశానండీ, నిక్షేపంలా ఉన్నాయి. పారేయడానికి మనసొప్పడం లేదు" అన్నారు.

మేము పరిశీలించాము. ముందు పలక మీద పన్నెండు నాబులు, రెండు చానళ్ళు, కాలితో నొక్కే స్విచ్చుకు రిలేలు, ప్రతిధ్వని కల్పించే రెవర్బు. ఇన్నిటికీ ఒకటే బోర్డు. వాల్వుల సాకెట్లు సైతం దానికే టంకం పెట్టి ఉన్నాయి. బురదనీటి ఉప్పుకు సన్నని రాగి దారులు తినివేయబడ్డాయి. పవరు వాల్వుల చుట్టూ వేడికి బోర్డు వరదకు ముందే గోధుమరంగుకు తిరిగి ఉన్నది. ఒక్క రెసిస్టరు మార్చాలన్నా నాబులన్నీ ఊడదీయవలసిందే. ఇంత కష్టపడి దీనిని యథాతథంగా నిలబెట్టడం ఎందుకన్న ప్రశ్న అక్కడే పుట్టింది.

లెక్క వేసి చూశాము. నాలుగు ఈసీసీ83 వాల్వులు ఉన్నాయి. ఒక్కొక్క గాజుబుడ్డిలో రెండేసి ట్రయోడులు కాబట్టి మొత్తం ఎనిమిది. వాటిలో రెండు మామూలు చానలుకు, మరి రెండు గరగరలాడే 'డ్రైవ్' చానలుకు, రెండు ఎఫెక్టు పరికరాలను కలిపే మార్గానికి, చివరి రెండు సంకేతాన్ని రెండు ఎదురెదురు భాగాలుగా విడదీసి ఈఎల్84 పవరు వాల్వుల జంటకు అందించడానికి. నిజంగా అవసరమైనవి నాలుగే. రెండు వాల్వులు తొలగిస్తే ఫిలమెంట్ల కరెంటులోనే 0.6 ఆంపియరు మిగులుతుంది.

మనుమడు ఒప్పుకోలేదు. "డ్రైవ్ లేకపోతే సినిమా పాటలు ఎలా వాయించను తాతయ్యా?" అన్నాడు. అతని అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఆ పని కాలికింద ఉంచే చిన్న పెడలు చేస్తుంది, అది పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. రెవర్బు మాత్రం పోయినట్టే. ఆ నష్టాన్ని మేము తక్కువగా చెప్పబోము. నెమ్మది పాటలలో ఆ లోటు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

ఈ మార్గం కొత్తదేమీ కాదు. 1950లలో వచ్చిన ఫెండర్ చాంప్ ఆంప్లిఫైయరుకు వాల్యూము నాబు ఒక్కటే. ఇంగ్లండులో 1958లో వెలువడిన వాక్స్ ఏసీ15 రెండు ఈఎల్84 వాల్వులతో నడిచేది. తగ్గించడమంటే గుర్తుకు వచ్చేది మన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్. ఎనిమిది తీగల మాండొలిన్‌ను అయిదు ఒంటి తీగల విద్యుత్ వాద్యంగా మార్చుకుని, దానిమీద కర్ణాటక సంగీతపు గమకాలు పలికించారు.

పని ఆరంభమైంది. పాత బోర్డు తీసివేసి, సాకెట్లను నేరుగా ఇనుప చాసీకి బిగించాము. ఫైబరు పలక మీద రెండు వరుసలుగా ట్యాగులు దిగగొట్టి, వాటి నడుమ రెసిస్టర్లు, కండెన్సర్లు పరచి, ఒక్కొక్క తీగను చేతితో టంకం పెట్టారు. మొదటి ట్రయోడుకు 100 కిలో ఓముల లోడు, అక్కడనుంచి 0.022 మైక్రోఫారడు కండెన్సరు, వాల్యూము, రెండవ ట్రయోడు, రెండు టోను నాబులు. గిటారు తీగ నుంచి స్పీకరు దాకా దారిని వేలితో చూపవచ్చు. ఫోర్‌మన్‌గారు దాచుకున్న డబ్బాలో రెండు బి.ఇ.ఎల్. ఈసీసీ83 వాల్వులు దొరికాయి. ఆ ప్రభుత్వరంగ సంస్థ 1961లో బెంగుళూరులో రిసీవింగు వాల్వుల తయారీ మొదలుపెట్టిందని పాఠకులలో పెద్దలకు జ్ఞాపకం ఉండవచ్చు. అవి చక్కగా పనిచేశాయి.

పవరు వాల్వులు రెండింటి క్యాథోడులకు కలిపి 150 ఓముల రెసిస్టరు వేశాము. దానిమీద 11 వోల్టులు వచ్చింది. అనగా 73 మిల్లీ ఆంపియర్లు. ప్లేటు వోల్టేజి 310. ఒక్కొక్క వాల్వు 12 వాట్ల పరిమితికి లోబడే ఉన్నదని నిర్ధారించుకున్నాము.

కాని స్విచ్చి వేయగానే స్పీకరు తుమ్మెదలా హోరెత్తింది. వాల్యూము తగ్గించినా ఆగలేదు. ఎర్తు తీగలు రెండు రోజులు అటూ ఇటూ మార్చి చూశాము. చివరకు పాత బోర్డును మళ్ళీ తిరగేసి చూస్తే కారణం తెలిసింది. 6.3 వోల్టుల ఫిలమెంటు తీగలను చాసీకి ముడిపెట్టే 100 ఓముల రెసిస్టర్లు రెండు ఆ బోర్డుమీదనే ఉండేవి. బోర్డుతోపాటు వాటిని కూడ మేమే పారవేశాము! రెండు రెసిస్టర్లు అతికించేసరికి హోరు అణగిపోయింది. అనవసరమని తీసేసినదానిలో అవసరమైనది ఏమున్నదో ముందే రాసుకోకపోవడం మా పొరపాటు.

మరొక జాగ్రత్త. ప్లగ్గు తీసినా ఫిల్టరు కండెన్సర్లలో ప్రాణాపాయకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది. అందుకని 220 కిలో ఓముల, 2 వాట్ల రెసిస్టరును వాటికి శాశ్వతంగా అడ్డంగా కలిపారు. మొత్తం 100 మైక్రోఫారడులు గనుక, దాదాపు రెండు నిమిషాలలో అది ఖాళీ అవుతుంది. అయినా మీటరుతో చూడనిదే చేయి పెట్టరాదు.

మనుమడు మొదటిసారి వాయించినప్పుడు ఏమీ మాట్లాడలేదు. పావుగంట తరువాత, "మెల్లగా మీటితే మెల్లగా, గట్టిగా మీటితే గట్టిగా పలుకుతోంది" అన్నాడు. ఆ వారమే ఒక పెళ్ళికి తీసుకువెళ్ళాడు.

సర్క్యూటు పటాన్ని ఫోర్‌మన్‌గారు కాగితం మీద గీసి, మూత లోపలివైపు అంటించారు. అడుగున ఎర్ర సిరాతో రెండు పంక్తులు: "ప్లగ్గు తీసి రెండు నిమిషములు ఆగవలెను. తరువాత మీటరు పెట్టి చూడవలెను."