నిర్మాల్యం మొదలు పాత ఇత్తడి వరకు: గృహద్రవ్యాలకు పునర్వినియోగం

ఆలయానికి వచ్చే గృహస్థులు నన్ను అడిగే ధర్మసందేహాలలో ముహూర్తాలను, ఆశౌచాలను గురించినవే పూర్వం ఎక్కువగా ఉండేవి. కొన్నేళ్లుగా మరొక ప్రశ్న వాటితో సమానంగా వినిపిస్తున్నది. "పూజచేసిన పూలను ఏమి చేయాలండీ? చెత్తబుట్టలో వేయడానికి మనసు ఒప్పడం లేదు. పెరడు లేదు, బావి లేదు, ఉన్నది అపార్టుమెంటు." ఇలా అడిగేవారిలో చాలామంది చివరకు చేసే పని ఒకటే. వారం పదిరోజుల నిర్మాల్యాన్ని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, యాత్రకు బయలుదేరినప్పుడు వెంట తెచ్చుకొని, వంతెన మీది నుండి నదిలోకి విసరి నమస్కరిస్తున్నారు. వారి భక్తిని నేను శంకించను. ఆ పనిని మాత్రం శాస్త్రం సమర్థించదు.

దేవునికి సమర్పించి తొలగించిన పుష్పమాలాదులకు నిర్మాల్యమని పేరు. దానిని తొక్కరాదనీ, నలుగురూ నడిచేచోట పారవేయరాదనీ పెద్దలు చెప్పినది నిజమే. జలంలో విడవడం కూడా ఆచారంలో ఉన్నదే. అయితే ఆ ఆచారం నడిచిన రోజులలో దండ అరటినారతో కట్టేవారు, పూలు పెరటివి, మొత్తం కలిపి దోసెడు. నేటి దండలో దారం నైలానుది, నడుమ తళుకు కాగితాలు, చుట్టూ సంచి. పూలు సైతం రాశులుగా నీటిలో కుళ్లితే ఆ నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి. సంచి కుళ్లను కూడా కుళ్లదు. మనుస్మృతి నాల్గవ అధ్యాయంలో స్నాతకుని నియమాలు చెప్పేచోట నీటిలో మలినాలను వేయరాదన్న నిషేధం స్పష్టంగా ఉన్నది. 2015లో జరిగిన గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో వస్తాయి. లక్షలమంది సంకల్పం చెప్పుకొని మునిగే నీరు అది.

మరి నిర్మాల్యానికి దారి ఏది? తిరుమలలో పూర్వం స్వామివారి నిర్మాల్యాన్ని ఆలయప్రాంగణంలోని పూలబావిలో వేసేవారు. 2021లో దేవస్థానం వారు ఆలయాలలో వాడిన పూలతో అగరవత్తులు తయారుచేయించి, ఏడుకొండల గుర్తుగా ఏడు రకాల పరిమళాలలో భక్తులకు అందించడం ప్రారంభించారు. వాడిన పువ్వు ధూపద్రవ్యంగా మారి మరొక ఇంటి పూజామందిరానికి చేరుతున్నదన్నమాట. రీసైక్లింగ్ అని అందరూ అంటున్నది దీనినే. విడిచిన ద్రవ్యాన్ని కరిగించిగాని, నానబెట్టిగాని, మట్టిలో కలిపిగాని తిరిగి పనికివచ్చే ద్రవ్యంగా మార్చుకోవడం.

ఇంటిలో మనం అగరవత్తులు చేయలేము గాని, ఎరువు చేయగలము. అడుగున, పక్కల రంధ్రాలున్న మట్టికుండ ఒకటి చాలు. అడుగున ఎండుటాకులు పరచవలెను. దండలోని దారాన్ని, తళుకులను తీసివేసి, పూలను, పత్రిని చిదిమి పలుచగా వేయవలెను. పైన మళ్లీ ఎండుటాకులు. పచ్చిది ఒక పాలైతే ఎండుది రెండుపాళ్లు ఉండనివ్వండి. మొదట ఒకసారి కొంచెం పేడనీళ్లుగాని, పుల్లని మజ్జిగగాని చిలకరిస్తే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు త్వరగా వృద్ధిచెందుతాయి. వారానికొకసారి పుల్లతో కలియబెట్టాలి. ఆ జీవులకు గాలి కావాలి. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉంటే సరి. దుర్వాసన వచ్చినదంటే తడి ఎక్కువైనదని అర్థం, మరికొన్ని ఎండుటాకులు వేయండి. రెండు మూడు నెలలకు నల్లని మట్టి తయారవుతుంది, వానపడిన నేల వాసనతో. దానిని తులసికోటలో వేసుకోవచ్చును. ఎవరి కాలికిందా పడకుండా నిర్మాల్యం తిరిగి అర్చనకే చేరుతుంది. కూరగాయల తొక్కలకు వేరే కుండ పెట్టుకుంటే మనసుకు సందేహం ఉండదు.

లోహాల విషయంలో మన పూర్వులకు ఎవరూ చెప్పనక్కరలేకపోయినది. మనుస్మృతి అయిదవ అధ్యాయంలోని ద్రవ్యశుద్ధి ప్రకరణంలో రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరం, సీసం పాత్రలను క్షారంతో, ఆమ్లంతో, నీటితో శుద్ధిచేసుకొమ్మని ఉన్నది. మన అమ్మమ్మలు చింతపండు పిప్పితో, బూడిదతో తోమినది ఈ పద్ధతినే. మట్టిపాత్రకు మళ్లీ కాల్చడమే శుద్ధి అని కూడా అక్కడ చెప్పారు. పాడైన వస్తువును పారవేయడానికి ముందు దానిని ఎట్లా నిలుపుకోవచ్చునో ఆలోచించిన శాస్త్రమది. ఇత్తడి బిందె సొట్టపడితే కొట్టించేవారు. లోపలి పూత పోతే కళాయి వేయించేవారు. చిల్లిపడితే తూకానికి ఇచ్చేవారు. రాగిని, ఇత్తడిని ఎన్నిసార్లు కరిగించినా గుణం చెడదు. గాజుకూ అంతే. అల్యూమినియం సంగతి మరీ విశేషం. ఖనిజం నుండి కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతంతోనే పాతదానిని కరిగించుకోవచ్చును. కాగితానికి ఆ అదృష్టం లేదు. నానబెట్టి గుజ్జుచేసినప్పుడల్లా దాని నార పొట్టిదవుతుంది గనుక కొన్ని పర్యాయాలకు మించి పనికిరాదు.

ఇక అన్నిటికీ మూలమైనది, అందరూ ఉపేక్షిస్తున్నది వేరుచేయడం. 2016లో కేంద్రప్రభుత్వం చేసిన నిబంధనలు ఇంటిలోనే చెత్తను తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా వేరుచేయవలెనన్నాయి. కారణం చిన్నది. పులుసు ఒలికిన కాగితానికి విలువ లేదు. సాంబారు అంటిన సీసాను పాత సామాన్లు కొనేవాడు తీసుకోడు. తడిపొడులు ఒకసారి కలిశాక దేవేంద్రుడు దిగివచ్చినా విడదీయలేడు; అంతా ఊరిబయట గుట్టగా పడుతుంది. ఆ గుట్టలో గాలి సోకక కుళ్లిన తడిచెత్త నుండి మండే వాయువు పుడుతుంది. వేసవిలో ఆ గుట్టలు తగలబడుతున్నాయంటే అదొక కారణం. కాబట్టి పాలపాకెట్టును కడిగి ఆరవేయండి. కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెగనీయకండి. ఆ చిన్నముక్కను ఎవరూ ఏరలేరు. దీపారాధన నూనె సీసాను తుడిచి పొడిచెత్తలో వేయండి. పగిలిన గాజును దళసరి కాగితంలో చుట్టి, చెత్త తీసుకొనే అమ్మాయికి నోటితో చెప్పి మరీ ఇవ్వండి. మన పూజ ముగిసినది ఆమె వేళ్లు తెగడంతో కాకూడదు కదా! ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది. వాటిని, బ్యాటరీలను విడిగా ఉంచండి. మెరిసే అగరవత్తుల కవర్లు, బిస్కట్ల కవర్లు ప్లాస్టిక్కు, లోహపు పూత అతుక్కొని ఉండే జాతివి. వాటిని తిరిగి ద్రవ్యంగా మార్చడం బహుకష్టం. తక్కువగా కొనడమే దానికి ఉపాయం.

దాతలకు ఒక విన్నపం. అన్నదానానికి బియ్యం, పప్పులు పంపేవారు గోనెసంచిలోగాని గుడ్డసంచిలోగాని పంపితే ఆ సంచి మళ్లీ వాడుకలోకి వస్తుంది. విస్తళ్లు ఇచ్చేవారు అడ్డాకులవో, మోదుగాకులవో ఇవ్వండి. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు పళ్లెం చూపుకు ఆకువలె ఉన్నా మట్టిలో కలవదు. సత్కార సభలలో ప్లాస్టిక్ కాగితం చుట్టిన పుష్పగుచ్ఛాల మోజు నాకు ఎన్నడూ అర్థం కాలేదు. పుచ్చుకొన్నవారు దానిని కుర్చీ కింద వదలి వెళతారు!

మిగిలినది అన్నిటికంటె చిక్కైన ప్రశ్న: పాత దేవుని పటాలు, క్యాలెండర్లు, శుభలేఖలు. రావిచెట్టు మొదట్లో పటాలు చేర్చి వెళ్లడం ప్రతి ఊరిలోనూ చూస్తున్నాము. వానకు తడిసి, కుక్కలు తొక్కి, అద్దాలు పగిలి అవి పడే అవస్థ అనాదరం కాక మరేమిటి? పటానికి నమస్కరించి విప్పండి. చట్రం, అద్దం వేరుచేయండి. రెండూ తూకానికి పోతాయి. బొమ్మ కాగితాన్ని రాత్రి బకెట్టు నీటిలో నానవేసి, ఉదయం గుజ్జుగా పిసికి, తూకానికిచ్చే కాగితాలలో వేయక, చెట్టుకు దూరంగా చిన్నగుంట తీసి పూడ్చండి. ప్లాస్టిక్ పొర అంటించిన బొమ్మ మాత్రం నానదు. ఇకమీదట అటువంటివి కొనకండి, పంచకండి. మా ఇంటి పెళ్లికి పసుపు రాసిన సాదా కాగితం మీదనే శుభలేఖ అచ్చువేయించాము, దేవుని బొమ్మ లేకుండా, ఇష్టదైవం పేరు ఒక్కటే పైన ఉంచి. కార్యం ముగిశాక మిగిలిన శుభలేఖలు ఒక్కరాత్రిలో నానిపోయాయి.