కలకత్తాలో పంచపాండవులు

సికింద్రాబాదు సమీపమున సైనిక్‌పురి యను కాలనీ కలదు. సైన్యమున పనిచేసినవారి నివాసమునకై ఏర్పడినది గనుక దాని కా పేరు వచ్చెను. అచ్చటివారి పేర్లు వేరువేరు. వారందరిని కలిపి చెప్పు పేరు మాత్ర మొక్కటే. ఇట్లు పలువురకు కలిపి యొక పేరిడుట క్రీడారంగమునందును కలదు.

మంచుగడ్డపై నాడు హాకీలో జట్టునకు గోలుకాపరితో కలిపి ఆరుగురు ఆడుదురు. వారిలో ముగ్గురు ముందుండి దాడి చేయుదురు. ఆట మిక్కిలి వేగవంత మగుటచే వారు త్వరలోనే అలసిపోవుదురు. అంతట ఆ ముగ్గురును వెలుపలికి రాగా, మరి ముగ్గురు లోనికి పోవుదురు. ఎల్లప్పుడు కలిసి యాడుటచే ఒకరి మన సొకరికి తెలియును. అందుచే ప్రేక్షకులు ఆ ముగ్గురిని ఒకే పేరుతో పిలుతురు. అమెరికాలోని డిట్రాయిట్ నగరము మోటారుకార్ల కర్మాగారములకు ప్రసిద్ధి. ఆ నగరపు జట్టులోని గార్డీ హోవ్, సిడ్ ఏబెల్, టెడ్ లిండ్సే అనువారికి ‘ఉత్పత్తి వరుస’ యని పేరు వచ్చెను. కర్మాగారమునుండి కారు వెంట కారు వచ్చినట్లు, వారినుండి గోలు వెంట గోలు వచ్చుచుండెనని భావము.

అన్ని పేర్లును ఇంత ముచ్చటైనవి కావు. బోస్టన్ జట్టులో ష్మిట్, డుమార్ట్, బావర్ అను ముగ్గురు జర్మను సంతతికి చెందిన కెనడావా రుండిరి. వారిని ‘క్రౌట్ వరుస’ యనిరి. క్రౌట్ అనగా క్యాబేజీ. జర్మనులను ఎగతాళి చేయుటకు వాడిన మాట. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, ఆ ముగ్గురును కెనడా వైమానికదళమున చేరిరి. వారి కడపటి ఆటనాడు ప్రత్యర్థులు సైతము వారిని భుజములపై మోసికొనిపోయిరి. పేరులోని పరిహాసమును వారి నడవడియే తుడిచివేసెను.

మన దేశమున ఇట్టి పేరు ఫుట్‌బాల్ ఆటగాండ్రకు దక్కెను. ఆ కాలమున ఫుట్‌బాల్‌లో ఐదుగురు ముందువరుసన ఆడెడివారు. 1949 మొదలు 1953 వరకు కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టున కుడివైపునుండి వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలె అనువారు ఆ స్థానములను అలంకరించిరి. వారిలో అప్పారావు తెలుగువాడు. ఐదుగురును దక్షిణదేశీయులే. అయినను వంగదేశపు అభిమానులు వారిని తమవారిగనే భావించి ‘పంచపాండవు’ లని పిలిచిరి. ఆ జట్టు 1949, 1950, 1951 సంవత్సరములలో వరుసగా ఐ.ఎఫ్.ఏ. షీల్డును, 1951, 1952లలో డ్యూరాండ్ కప్పును గెలుచుకొనెను.

ఆ పేరు కేవలము సంఖ్యనుబట్టి వచ్చిన దనుకొనరాదు. పాండవులలో ఒకని బలము వేరు, మరియొకని గురి వేరు; కలిసియున్నప్పుడే వారికి జయము. ముందువరుసకును ఇదియే ధర్మము. అంచున పరుగెత్తువాడు బంతిని మధ్యకు పంపవలెను. తనకంటె అనువైన చోట తోడివా డున్నప్పుడు తాను గోలు కొట్టు నాస విడువవలెను.

అయితే ఈ పేరులో ఐదుగురే కలరు, ఆడినవారు పదునొకొండుగురు. వెనుక నిలిచి ఎదిరివారి దాడి నాపినవారు, బంతిని సంపాదించి ముందునకు అందించినవారు, గోలును కాచినవాడు — ఈ ఆరుగురు ఆ పేరులో చేరలేదు. భారతమునందు ఆయుధము పట్టని సారథి లేనిదే పాండవులకు విజయము లేదు గదా!

కాలక్రమమున ఆట తీరు మారెను. 1958లో బ్రెజిల్ నలుగురిని ముందుంచి ప్రపంచకప్పు గెలిచిన పిమ్మట, ఐదుగురి వరుస క్రమముగా కనుమరుగయ్యెను. వరుస పోయినను పేరు నిలిచినది. ఒక్కొక్కని గొప్పతనముకంటె ఐదుగురి పొందికయే గొప్పదని నాటి ప్రేక్షకులు గుర్తించిరనుటకు ఆ పేరే సాక్ష్యము.