12.5 గృహ అక్వేరియంలో ఆక్రొపోరా పోషణ

ప్రవాళ భిత్తికల నిర్మాణంలో ముఖ్యపాత్ర వహించే ఆక్రొపోరాను అమెరికా, జర్మనీ వంటి దేశాల్లో అభిరుచి ఉన్నవారు ఇళ్లలోని ఉప్పునీటి తొట్టెలలో పెంచుతారు. మన దేశంలో రాతి ప్రవాళాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని సముద్రం నుంచి సేకరించడం, అమ్మడం నేరం. అయినా ఈ పోషణ విధానాన్ని పరిశీలిస్తే ప్రవాళం నీటి నుంచి ఏమి తీసుకుంటుందో మీకు స్పష్టమవుతుంది.

ఆక్రొపోరాకు తీవ్రమైన కాంతి, బలమైన నీటి కదలిక, 25-26 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, వెయ్యికి 35 వంతుల లవణీయత కావాలి. వీటిని పరికరాలతో సమకూర్చవచ్చు. అసలు చిక్కు క్షారతతోనే.

ప్రవాళ అస్థిపంజరం కాల్షియం కార్బొనేట్‌తో ఏర్పడుతుంది కదా! సముద్రపు నీటిలో కాల్షియం లీటరుకు 420 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కార్బొనేట్ నిల్వను తెలిపే క్షారతను పరీక్ష కిట్లు జర్మన్ డిగ్రీలలో చూపుతాయి. అది సుమారు 7 మాత్రమే. ప్రవాళాలు బాగా పెరుగుతున్న తొట్టెలో రోజుకు 1 డిగ్రీ ఖర్చయిందనుకుందాం. ఉన్న క్షారతలో ఏడో వంతు ఒక్క రోజులో పోయినట్లే. అదే సమయంలో లీటరుకు తగ్గే కాల్షియం 7 మిల్లీగ్రాములు, అంటే అరవయ్యో వంతు. కాల్షియం ఒక్కటే పరీక్షించేవారికి నీరు మారనట్లే కనిపిస్తుంది. ఈలోగా కొమ్మల మొదళ్ల నుంచి కణజాలం ఊడిపోవడం మొదలు కావచ్చు. ఏళ్ల తరబడి పెరిగిన సమూహం కొద్ది రోజుల్లో తెల్లని అస్థిపంజరంగా మిగలవచ్చు. దీన్ని విరంజనం అనుకోకూడదు. విరంజనంలో సహజీవన శైవలాలు పోయినా పాలిప్ బతికే ఉంటుంది, కోలుకోగలదు. ఇక్కడ పాలిప్పే మిగలదు.

ఈ లోటును భర్తీ చేయడానికి పాత, చవకైన మార్గం సున్నపు తేట. తాంబూలంలో వేసుకునే సున్నమే, కాకపోతే శుద్ధమైనది. తొట్టె నుంచి ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందువల్ల ఆవిరైన మేరకు సున్నపు తేట కలిపితే లవణీయత మారదు, కాల్షియం, క్షారత రెండూ తిరిగి చేరతాయి. 200 లీటర్ల తొట్టెలో 2 లీటర్ల సంతృప్త సున్నపు తేట కలిపితే క్షారత సుమారు 1 డిగ్రీ పెరుగుతుంది. దీని పీహెచ్ 12 దాటుతుంది కాబట్టి బొట్లు బొట్లుగా కలపాలి. రాత్రివేళ మేలు, కిరణజన్య సంయోగక్రియ ఆగి తొట్టె పీహెచ్ తగ్గేది అప్పుడే. తగ్గిన క్షారతను ఒక్కపూటలో పెంచేయడం కొత్తవారు చేసే పొరపాటు. తక్కువ క్షారత కన్నా ఆ హఠాత్తు మార్పే ఆక్రొపోరాకు ఎక్కువ హాని చేస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

ఒక తొట్టెలో క్షారత 8 నుంచి 6.5 డిగ్రీలకు తగ్గింది. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల కాల్షియం ఖర్చయి ఉంటుంది?