మీకు తెలుసా? భక్తిగీతం బ్లూస్‌గా మారిన కథ

1892లో ఇంగ్లండ్‌లో వెలువడిన ‘ద హోలీ సిటీ’ భక్తిగీతం అమెరికాలోనూ ఇంటింటా మోగింది. 1927లో న్యూయార్క్‌లో జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్ బృందం రికార్డు చేసిన ‘బ్లాక్ అండ్ టాన్ ఫాంటసీ’కి బీజం ఆ పాటే!

● ట్రంపెట్ కళాకారుడు బబ్బర్ మైలీ ఆ బాణీని మైనర్ స్కేల్‌లోకి మార్చాడు. దాంతో వెలుగులాంటి పాట ఒక్కసారిగా నిట్టూర్పులా వినిపించింది.

● సింకులో నీళ్లు నిలిచిపోతే వాడే రబ్బరు కప్పును ట్రంపెట్ మూతికి అడ్డుపెట్టి, తీస్తూ మూస్తూ, గొంతులోంచి గుర్రుమంటూ ఊదేవాడు. అందుకే ఆ వాద్యం మనిషిలా మూలుగుతుంది, మారాం చేస్తుంది.

● నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కూర్చునే క్లబ్బులను అప్పట్లో ‘బ్లాక్ అండ్ టాన్’ అనేవారు. పాట పేరు అక్కడిదే.

● చివర్లో మరో చమత్కారం: షోపాన్ రాసిన ప్రసిద్ధ అంతిమయాత్ర బాణీతో పాట ముగుస్తుంది. భక్తి, విషాదం, వెక్కిరింత అన్నీ మూడు నిమిషాల్లోనే!

● పాటల్లోని అతి సున్నితత్వాన్ని ఆటపట్టించడంలో జాజ్ పియానిస్టు, గాయకుడు ఫ్యాట్స్ వాలర్‌ది మరో దారి. 1934 నుంచి విక్టర్ కంపెనీకి చేసిన రికార్డుల్లో, ప్రేమగీతం పాడుతూనే మధ్యలో కొంటె మాటలు విసిరేవాడు. పియానో మీద వేళ్లు మాత్రం ఎక్కడా తడబడేవి కావు.

మంచి పేరడీకి ఎగతాళి ఒక్కటే చాలదు. అసలు పాటను ప్రాణంగా ఎరిగినవాళ్లే దాన్ని అంత అందంగా తిప్పి పాడగలరు.