మిథ్యాయంత్రములకు నిజమైన నిల్వ

అద్దములో కనిపించు రూపమును భౌతికశాస్త్రములో మిథ్యాప్రతిబింబమందురు. అద్దము వెనుక మనిషి లేడు. కాని చూచువానికి ఉన్నట్లే తోచును. కంప్యూటర్లలో వర్చువల్ మెషీన్ అనునదియు ఇట్టిదే. దానిని మిథ్యాయంత్రమనవచ్చును. ఒక పెద్ద సర్వరుపై హైపర్‌వైజర్ అను ప్రోగ్రాము నడచుచు, ఆ ఒక్క సర్వరునే ముప్పది నలువది యంత్రములుగా చూపును. ఒక్కొక్కదానికి సొంత ప్రాసెసరు, సొంత మెమరీ, సొంత డిస్కు ఉన్నట్లే దానిలోని ప్రోగ్రాములు నడచుకొనును. ఐ.బి.ఎం. సంస్థ 1972లో వెలువరించిన వి.ఎం./370 వలన ఈ పద్ధతి పెద్ద కంప్యూటర్లలో నెలకొన్నది. 1998లో అమెరికాలో స్థాపితమై, 2023లో బ్రాడ్‌కామ్ సంస్థకు చెందిన వీఎంవేర్ దీనిని సామాన్యమైన సర్వర్లలోనికి తెచ్చినది.

అయితే ప్రతిబింబమునకును మిథ్యాయంత్రమునకును ఒక భేదము కలదు. ప్రతిబింబమునకు అద్దము వెనుక చోటు అక్కరలేదు. మిథ్యాయంత్రము వ్రాసిన ప్రతి అక్షరమునకును ఎక్కడో నిజమైన డిస్కుపై నిజమైన చోటు కావలెను. బ్యాంకులు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయములు వంటి చోట్ల ఈ డిస్కులు తరచుగా సర్వరులో ఉండవు. వేరొక బీరువాలో వందలకొలది డిస్కులు, వాటిని నడపు కంట్రోలర్లు ఉండును. ఇదియే నిల్వయంత్రము. ఒక సర్వరు చెడిపోయినను దానిపై నడచు మిథ్యాయంత్రములను మరియొక సర్వరుపై లేపుటకు వీలగుట ఈ ఉమ్మడి నిల్వ వలననే.

ఇచ్చట ఇద్దరు పాలకులు ఏర్పడుచున్నారు. మిథ్యాయంత్రములను చూచువారు ఒకరు, నిల్వయంత్రమును చూచువారు ఒకరు. మొదటివారికి కొత్త చోటు కావలసినపుడు రెండవవారికి చీటీ వ్రాయుదురు. వారు నిల్వయంత్రములో ఒక ఖండమును ఏర్పరచి, దానిని ఏయే సర్వర్లు చూడవచ్చునో నిర్ణయింతురు. ఫైబర్ ఛానల్ పద్ధతిలో ఇందుకై ప్రతి సర్వరు పోర్టునకు గల పదునారు అక్షరముల గుర్తింపుసంఖ్యను నమోదు చేయవలెను. పిమ్మట మొదటివారు సర్వర్లచేత ఆ ఖండమును వెదకించి, దానిపై ఫైలువ్యవస్థను అమర్చి, డేటాస్టోరు అను పేరుతో వాడుకలోనికి తెత్తురు. పొరపాటున ఒకరి ఖండము మరొకరి సర్వరునకు చూపబడెననుకొందము. అది ఖాళీదను భ్రమతో అచ్చట కొత్త ఫైలువ్యవస్థను అమర్చినచో పాత సమాచారము పోయినట్లే.

ఈ ఇద్దరి పనిని కలుపుటకు పుట్టినదే ప్లగ్ ఇన్. గోడకున్న సాకెట్టులో ఏ దీపపు ప్లగ్గునైనను పెట్టగలిగినట్లు, మిథ్యాయంత్రములను పాలించు వీసెంటర్ అను ప్రోగ్రామునకు ఇతర సంస్థలు తమ భాగములను తగిలింపవచ్చును. నెట్‌యాప్ సంస్థ వర్చువల్ స్టోరేజ్ కన్సోల్ అను పేరుతో తెచ్చి, తరువాత ఒన్‌టాప్ టూల్స్ అని మార్చినది ఇట్టిదే. ఇ.ఎం.సి. వారి వర్చువల్ స్టోరేజ్ ఇంటిగ్రేటర్ మరియొకటి. అప్పుడు ఖండమును ఏర్పరచుట, సర్వర్లకు చూపుట, ఫైలువ్యవస్థను అమర్చుట అన్నియు ఒకే తెరపై, ఒకే వరుసలో జరుగును. గుర్తింపుసంఖ్యలను మనిషి చేతితో ఎక్కింప నక్కరలేదు.

ప్లగ్ ఇన్ సమాచారము ప్రవహించు దారిలో ఉండదు. తెరపై కనిపించు పుటలు ఒక భాగము. వాటి వెనుక నిల్వయంత్రముతో మాటలాడు సేవ రెండవ భాగము. ఆ సేవ ఆగిపోయినను మిథ్యాయంత్రములు చదువుట, వ్రాయుట ఆగదు. పాలించువారికి మాత్రమే కన్ను పోవును. ఈ సేవయు చాల సందర్భములలో ఒక మిథ్యాయంత్రమే గనుక, దానిని అది పాలించు డేటాస్టోరుపైననే ఉంచుట తెలివైన పని కాదు.

దీని అసలు విలువ లెక్కలలో తెలియును. ఇరువది టెరాబైట్ల నిల్వయంత్రముపై నలువది మిథ్యాయంత్రములు, ఒక్కొక్కదానికి ఒక టెరాబైటు చొప్పున ఇచ్చిరనుకొందము. వాగ్దానము నలువది, ఉన్నది ఇరువది! ఇది మోసము కాదు. దీనిని థిన్ ప్రొవిజనింగ్ అందురు. చెరువు క్రింద ఆయకట్టును నీటికి మించి ఒప్పుకొని, అందరు ఒకేసారి తూము తెరువరను ధైర్యముతో నడపుట వంటిదిది. కాని ఆ ధైర్యమునకు నీరటికాడు మట్టము చూచుచుండవలెను. చోటు పూర్తిగా నిండినచో, కొత్త చోటు కోరిన మిథ్యాయంత్రములు ఉన్నచోటనే నిలిచిపోవును; ఆసుపత్రిలో అయినచో రోగుల చీటీలును వాటితో నిలిచిపోవును.

మట్టము చూచుటయు అంత సులభము కాదు. పై ఉదాహరణములో పదునాలుగు టెరాబైట్లు నిండిన పిమ్మట మూడు టెరాబైట్ల మిథ్యాయంత్రములను తొలగించిరి. మొదటివారి లెక్కలో పదునొకండు. నిల్వయంత్రము లెక్కలో ఇంకను పదునాలుగే. ఫైలు తొలగించుట అనగా సూచికలో పేరు కొట్టివేయుట మాత్రమే గదా! ఆ చోటు ఖాళీ అయినదని క్రిందికి చెప్పువారు లేనిచో, నిల్వయంత్రము దానిని వేరొక ఖండమునకు ఈయజాలదు. ఇట్లు చెప్పు ఆజ్ఞకు అన్‌మ్యాప్ అని పేరు. వీఎంవేర్ దీనిని 2011లో తనంతట జరుగునట్లు తెచ్చి, అది పనిని మందగింపజేయుటచే వెనుకకు తీసికొని, 2016లో వెలువడిన 6.5వ కూర్పులో నెమ్మదిగా సాగునట్లు మరల ప్రవేశపెట్టినది. ప్లగ్ ఇన్ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన చూపుటచే ఈ తేడా అదే దినమున బయటపడును.

ఇంతవరకు లాభము. బ్యాంకు లాకరునకు రెండు తాళపుచెవులుండును. ఒకటి ఖాతాదారునిది, ఒకటి బ్యాంకుది. పాత పద్ధతిలో ఇద్దరు పాలకులుండుటయు తెలియకయే అట్టి కాపుదల ఇచ్చెడిది. సర్వరునుండి డేటాస్టోరును తీసివేసినను నిల్వయంత్రములో ఖండము మిగిలెడిది. ప్లగ్ ఇన్‌లో తొలగింపుమన్నచో ఖండమే తొలగిపోవచ్చును. రెండు చెవులును ఒకే గుత్తిలో చేరినవి! అందుచేత ప్లగ్ ఇన్‌కు నిల్వయంత్రములో సర్వాధికారము గల ఖాతా నీయరాదు. ఖండమును సృష్టింప, పెంపగల పరిమిత ఖాతా చాలును. గడువు తీరువరకు ఎవ్వరును చెరపలేని నకళ్లను వేరుగా ఉంచుట మరియొక జాగ్రత్త.

ఈ భయము ఊహ కాదు. 2021 ఫిబ్రవరిలో ఒకటి, మే నెలలో ఒకటి, వీసెంటర్‌తోపాటు వచ్చు రెండు ప్లగ్ ఇన్‌లలో భద్రతాలోపములు బయటపడినవి. తీవ్రత రెండింటికిని 10కి 9.8. లోపలికి చేరగలిగినవాడు అనుమతిమాట లేకుండగనే వీసెంటర్‌పై తన ప్రోగ్రామును నడపగలడు. మేలో బయటపడినది నిల్వకు సంబంధించిన వర్చువల్ శాన్ ఆరోగ్యపరీక్ష ప్లగ్ ఇన్. ఆ నిల్వను వాడనివారి యంత్రములలోను అది మొదటినుండి పనిచేయుచునే యుండెను. దిద్దుబాటును వెంటనే అమర్చలేనివారు తెరపై దానిని నిలిపివేసినంత మాత్రమున చాలదనియు, వీసెంటర్ లోపలి ఫైలులో దానిని ‘పొసగనిది’ అని వ్రాసి, తెరను నడపు సేవను తిరిగి ప్రారంభింపవలెననియు వీఎంవేర్ అప్పుడు హెచ్చరించినది.