కోర్పనా ప్రాంతంలో అద్దె ఇళ్లపై పెట్టుబడి: అపోహలు – వాస్తవాలు

నేటి కోర్పనా తాలూకా గ్రామాలు 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో, రాజురా తాలూకా కింద ఉండేవి. ఆ తర్వాత అవి బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు చెందినా, ఆదిలాబాద్‌తో బంధుత్వాలు, వ్యాపారం, తెలుగు మాట మాత్రం తెగిపోలేదు. సున్నపురాయి నిక్షేపాల వల్ల గడ్‌చాందూర్, ఆవార్‌పూర్, ఉప్పర్‌వాహి, నారండాలలో సిమెంటు కర్మాగారాలు వెలిశాక, ప్లాటు కొని నాలుగు గదులు కట్టి కిరాయికి ఇస్తే జీవితాంతం ఆదాయం వస్తుందన్న నమ్మకం సరిహద్దుకు ఇరువైపుల కుటుంబాల్లోనూ బలపడింది. ఆ నమ్మకంలో కొంత నిజమున్నా, దాన్ని అల్లుకున్న అపోహలు ఒక కుటుంబం దశాబ్దాలుగా కూడబెట్టిన పొదుపును హరించగలవు గనుక వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించడం అవసరం.

అపోహ 1: ఫ్యాక్టరీ పక్కన కట్టిన ఇల్లు ఎన్నడూ ఖాళీగా ఉండదు.

వాస్తవం: పెద్ద సిమెంటు కర్మాగారాలు తమ శాశ్వత ఉద్యోగుల కోసం సొంత కాలనీలు కట్టుకున్నాయి, కాబట్టి బయట ఇల్లు వెతుక్కునేవారిలో గుత్తేదారుల కింద పనిచేసేవారు, లారీ సిబ్బంది, చిన్న వర్తకులు ఎక్కువగా ఉంటారు. వీరి కిరాయి ఫ్యాక్టరీ ప్రతిష్ఠను బట్టి కాక, ఆ నెల దొరికిన పనిని బట్టి నిలుస్తుంది. నారండాలోని మురళీ ఇండస్ట్రీస్ సిమెంటు కర్మాగారం ఏళ్ల తరబడి మూతపడి, దివాలా పరిష్కార ప్రక్రియ ముగిశాక 2020లో దాల్మియా సిమెంటు సంస్థ చేతికి వచ్చింది. పొగగొట్టం కనిపిస్తున్నంత మాత్రాన పని నడుస్తున్నట్టు కాదని పెట్టుబడిదారు గుర్తుంచుకోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అపోహ 2: ఇంట్లో ఎక్కువ వాటాలుంటే నష్టభయం దానంతటదే తగ్గుతుంది.

వాస్తవం: ఒకే స్థలంలో పలు కుటుంబాలు వేరువేరుగా ఉండేలా కట్టిన ఇంట్లో ఒక వాటా ఖాళీ అయినా మిగతావాటి కిరాయి వస్తుందనేది, బోరు, పైకప్పు, ప్రహరీ వంటి ఖర్చులు అందరికీ కలిపి ఒక్కసారే సరిపోతాయనేది నిజమే. అయితే ఆ నాలుగు కుటుంబాలూ ఒకే కర్మాగారంలో ఒకే గుత్తేదారు కింద పనిచేస్తుంటే, గుత్త ముగిసిన నెలలోనే నాలుగు తలుపులకూ తాళాలు పడతాయి. అంటే నష్టభయాన్ని తగ్గించేది వాటాల సంఖ్య కంటే అద్దెదారుల వృత్తుల వైవిధ్యమే. తాలూకా కేంద్రమైన కోర్పనాలో తహసీలు కార్యాలయ ఉద్యోగులు, ఉపాధ్యాయులు, పత్తి వ్యాపారులు కిరాయిదారులు కాగలరు. గడ్‌చాందూర్‌లో పరిశ్రమదే పైచేయి. ఈ తేడాను చూడకుండా స్థలం చవకని కొనడం తొలి పొరపాటవుతుంది.

అపోహ 3: బ్యాంకు వాయిదాను కిరాయే కడుతుంది.

వాస్తవం: కేవలం లెక్క తెలియడానికి, స్థలంతో కలిపి 40 లక్షల రూపాయలు ఖర్చయిన నాలుగు వాటాల ఇంటిని ఊహించుకోవచ్చు. వాటాకు 5,000 చొప్పున నెలకు 20,000, ఏడాదికి 2,40,000 వస్తే, పెట్టుబడిపై రాబడి 6 శాతంగా కనిపిస్తుంది. ఒక్కో వాటా ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటే 20,000, ఇంటి పన్ను, మోటారు, సున్నం, మరమ్మతులకు మరో 30,000 తగ్గగా మిగిలేది 1,90,000. అంటే 5 శాతం కంటే తక్కువే. ఇదే ఇంటికి 24 లక్షల అప్పును 9 శాతం వడ్డీతో 20 ఏళ్లకు తీసుకుంటే నెలవారీ వాయిదా సుమారు 21,600 అవుతుంది. ఒక్క వాటా కూడా ఖాళీ కాని నెలలో సైతం కిరాయి దానికి చాలదు. అందువల్ల కనీసం ఆరు నెలల వాయిదాలకు సరిపడే సొమ్మును పక్కన ఉంచుకోని కొత్తవారు అప్పుతో ఇల్లు కట్టడం శ్రేయస్కరం కాదు.

అపోహ 4: పదకొండు నెలల కాగితం రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

వాస్తవం: ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టపు నియమం నుంచి ఈ అలవాటు పుట్టింది. మహారాష్ట్రలో పరిస్థితి వేరు. అక్కడి 1999 నాటి కిరాయి నియంత్రణ చట్టం ప్రకారం అద్దె ఒప్పందం ఎంతకాలానిదైనా రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టరు కావాలి. ఆ బాధ్యత ఇంటి యజమానిదే. రాతలో లేకపోతే, వేరే రుజువు లభించేదాకా షరతుల విషయంలో అద్దెదారు చెప్పిందే చెల్లుతుంది. ఇల్లు వాడుకునేందుకు కేవలం అనుమతినిచ్చే 'లీవ్ అండ్ లైసెన్స్' ఒప్పందానికి మరో ప్రయోజనం ఉంది: గడువు తీరాక కూడా ఖాళీ చేయనివారు రెట్టింపు రుసుము పరిహారంగా చెల్లించాల్సి వస్తుంది. ఈ చట్టం దాని షెడ్యూళ్లలో పేర్కొన్న ప్రాంతాలకే వర్తిస్తుంది గనుక గ్రామాన్ని బట్టి న్యాయవాదిని అడిగి తెలుసుకోవాలి. ఏ గ్రామమైనా రిజిస్టరు చేయించడమే క్షేమం.

అపోహ 5: నోటరీ కాగితంతో కొన్న భూమిని తర్వాత క్రమబద్ధం చేయించుకోవచ్చు.

వాస్తవం: తెలంగాణలో సాదా బైనామాలను (తెల్లకాగితంపై రాసుకున్న భూమి అమ్మకపు ఒప్పందాలను) క్రమబద్ధీకరించిన జ్ఞాపకం ఇక్కడ పెద్ద ప్రమాదానికి దారితీస్తుంది. గోండులు, కొలాములు నివసించే ఈ ప్రాంతంలో ఆదివాసీ పేరున ఉన్న భూమి, 1966 నాటి మహారాష్ట్ర భూ రెవెన్యూ స్మృతి ప్రకారం, ప్రభుత్వ అనుమతి లేకుండా ఆదివాసేతరులకు చెందదు. అక్రమంగా చేతులు మారిన భూమిని తిరిగి ఇప్పించేందుకు 1974 నాటి ప్రత్యేక చట్టమే ఉంది. ఆదివాసీ కుటుంబానికి ఆ నేలే ఆధారం కనుక ఈ రక్షణ న్యాయమైనదని కొనుగోలుదారు మనసారా అంగీకరించాలి. ఇతర భూముల్లోనూ సాధారణ అధికార పత్రంతో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో) జరిగిన అమ్మకం యాజమాన్య హక్కునివ్వదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. హక్కుదారు, సాగు వివరాలు తెలిపే 'సాత్‌బారా' (7/12) ప్రతి, ఆ స్థలాన్ని వ్యవసాయేతర అవసరాలకు వాడవచ్చని తెలిపే అధికారిక పత్రం – ఈ రెండూ చూడనిదే బయానా ఇవ్వరాదు.

అపోహ 6: కిరాయి చూపిస్తే సగం పన్నుకే పోతుంది.

వాస్తవం: వచ్చిన కిరాయి నుంచి స్థానిక సంస్థకు కట్టిన ఇంటి పన్నును తీసివేశాక, మిగిలినదాంట్లో 30 శాతాన్ని, అసలు ఖర్చు ఎంతైనా, ఆదాయపు పన్ను చట్టం మినహాయిస్తుంది, అద్దెకిచ్చిన ఇంటి అప్పుపై వడ్డీకీ మినహాయింపు ఉంది. చిన్న యజమానికి పన్ను భారం స్వల్పమే. లెక్క దాచితే మాత్రం తర్వాతి ఇంటికి బ్యాంకు అప్పు కోరినప్పుడు చూపడానికి ఆదాయపు రుజువే ఉండదు.

ఈ అపోహలన్నిటికీ మూలం ఒకటే: కిరాయిని ఇల్లు ఇస్తుందనుకోవడం. నిజానికి దాన్ని చెల్లించేది ఆ గదిలో ఉండే మనిషి రెక్కల కష్టం. కాబట్టి కొత్తగా పెట్టుబడి పెట్టదలచినవారు ముందు ఆ ఊళ్లో కిరాయికి ఉండేవారి పనులను, వాటి నిలకడను తెలుసుకుని, పిదప భూమి పత్రాలను పరీక్షించి, ఖాళీ నెలలతో సహా లెక్క వేసుకుని, ఆఖరున మాత్రమే పునాది తవ్వాలి.